గుమ్మడికాయ టమాటా సూప్ చిక్కగా రావాలంటే, విరగకుండా ఉండాలంటే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను అమ్మా. విశాఖపట్నం గోపాలపట్నంలో ఉంటున్నారు. మామగారికి పై వరస పళ్ళన్నీ తీయించి పన్నెండు రోజులైంది, కట్టుడు పళ్ళు ఇంకా రాలేదు. జావలు, పప్పుకట్టు తాగి తాగి ఆయనకు విసుగొచ్చింది. వీడియో చూసి స్క్వాష్, టమాటా సూప్ రెండుసార్లు చేశారు. మొదటిసారి పలచగా, పాయసంలా తియ్యగా వచ్చింది. నిన్న రాత్రి చేసింది పాలు పోయగానే విరిగిపోయింది. ఇంట్లో ఓవెన్ లేదు. స్క్వాష్ అంటే మన గుమ్మడికాయేనా, క్రీమ్ ఏది వాడాలి, ఎంత వేయాలి అని అడిగారు.

నేను సీతమ్మధార దగ్గర పద్నాలుగేళ్ళు కర్రీ పాయింట్ నడిపాను. చలికాలం నాలుగు నెలలూ సాయంత్రం పూట కూరల పక్కనే రెండు రకాల సూప్‌లు పెట్టేదాన్ని. అందులో ఒకటి ఇదే. మీకు వచ్చిన ఇబ్బందులన్నీ నా స్టవ్ మీద కూడా వచ్చాయి, ఒక్కోటి ఎందుకు వస్తుందో తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

క్రీమ్ ఎంత వేయాలన్నది ఆఖర్న చూసుకోవాల్సిన సంగతి. ఈ సూప్‌కి చిక్కదనం క్రీమ్ వల్ల రాదు, గుమ్మడికాయ గుజ్జు వల్ల వస్తుంది. గుమ్మడికాయలో పదింట తొమ్మిది వంతులు నీరే. ఆ నీటిని కొంత పోగొట్టి, మిగిలిన గుజ్జును బాగా మెత్తగా తిప్పితే క్రీమ్ వేయకుండానే గరిటెకు పట్టుకునేంత చిక్కగా ఉంటుంది. ఆ నీరు పోకుండా, పైగా ఇంకో రెండు గ్లాసుల నీళ్ళు పోసి కుక్కర్‌లో ఉడికిస్తే ఎంత క్రీమ్ పోసినా నీళ్ళ సూప్ మీద మీగడ తేలినట్టే ఉంటుంది. మీ మొదటి సూప్ పలచబడింది ఇందుకే.

స్క్వాష్ అంటే మన దుకాణాల్లో నారింజ షర్బత్తు సీసా చేతికిస్తారు. వీడియోల్లో చూపించే సొరకాయ ఆకారపు గోధుమరంగు కాయ పేరు బటర్‌నట్. పెద్ద సూపర్ మార్కెట్లలో అప్పుడప్పుడు కనిపిస్తుంది. దానికోసం వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. మనం తీపి గుమ్మడి, ఎర్ర గుమ్మడి అనే కాయల్లో చాలావరకు ఆ బటర్‌నట్ జాతివే. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్కా చందన్ రకం కూడా అదే జాతి. రెండు మూడు కిలోలు తూగుతుంది, కండ చక్కటి నారింజ రంగులో ఉంటుంది. మీరు కూరకు తెచ్చుకునే గుమ్మడికాయే తెచ్చుకోండి. బూడిద గుమ్మడి మాత్రం వద్దు, అది వడియాలకూ దిష్టికీ. బెంగళూరు వంకాయను కూడా కొందరు స్క్వాష్ అంటారు. దాంట్లో ఈ గుజ్జూ రాదు, ఈ రంగూ రాదు.

మీకు గోపాలపట్నం రైతుబజారే దగ్గర. నేను ఎక్కువగా ఎంవీపీ కాలనీ రైతుబజారుకు వెళ్తాను. ఎక్కడైనా గుమ్మడికాయ కోసి బద్దలుగానే అమ్ముతారు కాబట్టి లోపలి కండ కంటికి కనిపిస్తుంది. అది మనకు మంచిదే. లేత పసుపు రంగులో ఉండి, గింజల చుట్టూ నీరు ఊరుతూ ఉన్న బద్ద తీసుకోవద్దు. అది ముదరకుండా కోసిన కాయ. కండ ముదురు నారింజ రంగులో గట్టిగా ఉండాలి, గోరు గుచ్చితే సులువుగా దిగకూడదు. గింజలు లావుగా నిండి ఉండాలి. చేతిలోకి తీసుకుంటే సైజుకు మించి బరువు అనిపించాలి. కాయ మొత్తంగా కొనేటట్టయితే తొడిమ ఎండి బెరడులా ఉందో లేదో చూడండి. కోసిన తర్వాత నిలవ ఉన్నకొద్దీ కాయలోని పిండి చక్కెరగా మారుతుంది. అందుకే సంక్రాంతికి తెచ్చి అటక మీద పెట్టిన కాయ మాఘమాసంలో ఇంకా తియ్యగా ఉంటుంది. పులుసుకు అదే బాగుంటుంది. సూప్‌కి మాత్రం మరీ నిలవ కాయ అక్కర్లేదు.

ఇంటికి తెచ్చాక వండే ముందు పచ్చి ముక్క ఒకటి చిటికెడంత నాలుక మీద పెట్టుకుని చూడండి. చేదుగా ఉంటే కక్కేసి, కాయ మొత్తం పారేయండి. గుమ్మడి, ఆనప, దోస జాతి కాయల్లో ఎప్పుడైనా ఒకదాంట్లో చేదు పదార్థం పేరుకుంటుంది. అది విషం, ఉడికించినా పోదు. చేదు ఆనపకాయ రసం తాగి మన దేశంలోనే ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పద్నాలుగేళ్ళలో నాకు ఒకే ఒక్క చేదు గుమ్మడికాయ తగిలింది. అయినా ప్రతిసారీ రుచి చూడటం మానలేదు. పెద్దాయనకు పెట్టేది కాబట్టి మీరూ మానకండి.

ఇక తీపి సంగతి. మన దప్పళం గుర్తు తెచ్చుకోండి. గుమ్మడికాయ ముక్కలు తియ్యగా ఉంటాయి కాబట్టే చింతపండు పులుసులో వేస్తాం. ఆ పులుపును మళ్ళీ ఓ చిన్న బెల్లం ముక్కతో సరిచేస్తాం. ఉప్పు, కారం, ఇంగువ తిరగమోత పడ్డాక అది తీపి వంటకం అనిపించదు. మీ సూప్‌లో చింతపండు చేయాల్సిన పని టమాటా చేయాలి. వీడియోలోని కొలత వాళ్ళ టమాటాలకు సరిపోయి ఉంటుంది. మనకు బజార్లో ఎక్కువగా దొరికే హైబ్రిడ్ టమాటాలు దూరం నుంచి లారీల్లో వస్తాయి. తోలు మందం, పులుపు తక్కువ. నాటు టమాటా గీతలు పడి, కాస్త చదునుగా నొక్కుకుపోయినట్టు ఉంటుంది. పులుపు ఉన్నది దాంట్లోనే. ఆనందపురం, పద్మనాభం వైపు రైతులు తెచ్చిన నాటు కాయలు కనబడితే అవే తీసుకోండి. దొరక్కపోతే హైబ్రిడ్ కాయలు కొంచెం ఎక్కువ వేసి, దించాక నాలుగైదు చుక్కలు నిమ్మరసం పిండండి.

నలుగురికి నా కొలత చెప్తాను. చెక్కు, గింజలు తీసేశాక గుమ్మడి ముక్కలు అరకిలో ఉండాలి. అంటే బద్ద 650 నుంచి 700 గ్రాములది తెచ్చుకోవాలి. టమాటాలు 300 గ్రాములు, ఒక పెద్ద ఉల్లిపాయ, వెల్లుల్లి రెబ్బలు ఐదారు, పన్నెండు జీడిపప్పులు. వెన్న ఒక పెద్ద చెంచా, నూనె ఒక పెద్ద చెంచా. నీళ్ళు రెండున్నర కప్పులు, అంటే సుమారు 600 మిల్లీలీటర్లు. అన్నీ ఒకేసారి పోయొద్దు. ఉప్పు ఒక టీ స్పూనుతో మొదలుపెట్టి ఆఖర్న సరిచేసుకోవాలి. జీడిపప్పు పలాస ముక్క రకం చాలు, ఎలాగూ రుబ్బేదే. గుండ్లకు డబ్బు పెట్టక్కర్లేదు.

ఓవెన్ లేదని మీరు టెన్షన్ పడ్డారు గానీ, ఆ లోటు మూకుడు తీరుస్తుంది. ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర ముప్పై ఐదు, నలభై నిమిషాలు పెడితే జరిగేది రెండే పనులు. ముక్కలోని నీరు ఆవిరవుతుంది, అంచులు ఎర్రబడతాయి. ఆ ఎర్రదనంలోనే సూప్ రుచంతా ఉంది. ఉత్తి తీపి పోయి, కాల్చిన చిలగడదుంప లాంటి వాసన వస్తుంది. మీ సూప్ పాయసంలా అనిపించడానికి పులుపు చాలకపోవడం ఒక కారణం, ముక్కలు ఎక్కడా ఎర్రబడకపోవడం రెండో కారణం. ఉడికించిన గుమ్మడికి తీపి తప్ప మరో రుచి ఉండదు.

అందుకని మందపాటి ఇనప మూకుడో దోసె పెనమో బాగా వేడిచేసి నూనె వేయండి. ముక్కలు అంగుళం సైజులో కోసి, బట్టతో తడి ఒత్తేసి, ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకే వరసగా పరవండి. అరకిలో ముక్కలు ఒక్క వాయిలో పట్టవు, రెండు వాయిలు చేయండి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ముక్కలన్నీ గుమ్మరించి గరిటెతో కలుపుతూ కూర్చుంటే నీరు ఊరి, ముక్కలు ఆ నీళ్ళలోనే ఉడుకుతాయి. ఎర్రబడవు. పరిచాక ఆరేడు నిమిషాలు ముట్టుకోవద్దు. మధ్యస్థం మంట మీద కింద వైపు ముదురు గోధుమరంగు వచ్చాక తిప్పి, రెండో వైపు ఇంకో నాలుగైదు నిమిషాలు ఉంచండి. అక్కడక్కడా నల్లటి మచ్చ పడినా పర్వాలేదు. మొత్తం మాడితే మాత్రం చేదొస్తుంది.

ముక్కలు తీసేసి వేరే స్టీలు గిన్నెలో వెన్న వేసి, ఉల్లిపాయ తరుగు, వెల్లుల్లి, చిటికెడు ఉప్పు వేసి సన్న సెగ మీద మగ్గనివ్వండి. పది నిమిషాలు పడుతుంది. ఉల్లి మెత్తబడి మెరవాలి గానీ బిర్యానీకి వేయించినట్టు ఎర్రబడకూడదు. జీడిపప్పు కూడా ఇప్పుడే వేసేయండి. ఆ తర్వాత ఎర్రబడ్డ గుమ్మడి ముక్కలు, రెండు కప్పుల నీళ్ళు వేసి మూతపెట్టి పది పన్నెండు నిమిషాలు ఉడికించండి. వేళ్ళతో నొక్కితే వెన్నలా నలగాలి.

టమాటా ఇంతవరకూ వేయలేదని గమనించే ఉంటారు. కందిపప్పు ఉడక్కుండా చింతపండు పులుసు పోస్తే ఏమవుతుందో మీకు తెలుసు, పప్పు పలుకుగానే ఉండిపోతుంది. గుమ్మడికాయకూ అదే జరుగుతుంది. పులుపు తగిలితే కూరగాయ ముక్కలోని బంధం గట్టిపడి త్వరగా మెత్తబడదు. అలా ఉడికీ ఉడకని ముక్కను మిక్సీలో ఎంత తిప్పినా నాలుకకు సన్నటి రవ్వ తగులుతూనే ఉంటుంది. అందుకే టమాటాలను విడిగా వండుతాను. నాలుగు ముక్కలు చేసి, గుమ్మడి కాల్చిన మూకుడులో కాకుండా ఇంకో స్టీలు గిన్నెలో వేసి, మూత లేకుండా మగ్గబెట్టండి. ఇనప మూకుడులో పుల్లటిది ఎక్కువసేపు ఉడికితే లోహపు రుచి దిగుతుంది. నీళ్ళు పోయొద్దు. టమాటాలో ఊరిన నీరంతా ఇగిరి, గుజ్జు గిన్నె అంచులు వదిలేదాకా ఉంచండి. పచ్చివాసన పోవాలి. గింజల చుట్టూ ఉండే జిగురు తీసి పారేయమని కొన్ని వీడియోల్లో చెప్తుంటారు, నేను ఒప్పుకోను. టమాటా కమ్మదనం ఎక్కువగా ఉన్నది ఆ జిగురులోనే. గింజల సంగతి తర్వాత జల్లెడ చూసుకుంటుంది.

ఈ రెండూ కలిపి ఐదు నిమిషాలు ఉడికించి స్టవ్ ఆపేయండి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నా మాట వినండి. వేడి వేడి సూప్‌ను మిక్సీ జారులో పోసి మూత బిగించి తిప్పొద్దు. తిప్పగానే లోపల ఆవిరి ఒక్కసారిగా పెరిగి మూతను ఎగదన్నుతుంది. మా కర్రీ పాయింట్‌లో సాయం చేసే అమ్మాయికి అలాగే చేతి మీద పడింది. మోచేతి దాకా బొబ్బలు లేచాయి, మూడు వారాలు పనిలోకి రాలేకపోయింది. సాయంత్రం రద్దీలో తొందరపెట్టింది నేనే. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. గుజ్జును వెడల్పాటి పళ్ళెంలో పోసి, ఫ్యాన్ కింద గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చండి. జారులో మూడో వంతు మించి పోయకండి. మొదట ఒకటి రెండుసార్లు ఆపి ఆపి తిప్పి, మూత తీసి ఆవిరి వదిలేసి, అప్పుడు పూర్తిగా తిప్పండి. ఇంట్లో చేతి బ్లెండర్ ఉంటే గిన్నెలోనే తిప్పేయొచ్చు. కానీ మిక్సీకి వచ్చే నున్నదనం దానికి రాదు.

ఎంతసేపు తిప్పాలంటే, మీకు చాలనిపించిన తర్వాత ఇంకో నిమిషం. ఒక్కో వాయి రెండు నిమిషాలకు తక్కువ కాకుండా తిప్పండి. జీడిపప్పులోని పిండి, కొవ్వు, ఉల్లి మగ్గిన వెన్న, గుమ్మడి గుజ్జు అన్నీ కలిసి పోయి రంగు ఒక మెట్టు తేలిక పడుతుంది. ఎరుపు తగ్గి కాషాయంలోకి తిరుగుతుంది. ఆ రంగు మార్పు కనిపిస్తే కొవ్వు నీటిలో చక్కగా కలిసిందని అర్థం. అప్పటికే ఇది క్రీమ్ వేసిన సూప్‌లా ఉంటుంది. మా కర్రీ పాయింట్‌లో చాలామంది ఎంత క్రీమ్ వేశారని అడిగేవారు. చాలా రోజులు అసలు వేసేదాన్నే కాదు.

తర్వాత స్టీలు జల్లెడలో పోసి గరిటె వెనకవైపుతో నొక్కుతూ వడకట్టండి. ఇంట్లో మామూలుగా తాగేటప్పుడు ఈ పని మానేసినా నడుస్తుంది. మీ ఇంట్లో మాత్రం మానొద్దు. పళ్ళు తీసిన చోట చిగుళ్ళు పూర్తిగా పూడేదాకా చిన్న గింజ ఇరుక్కున్నా సలుపుతుంది. టమాటా గింజలు, తోలు పేలికలు అక్కడే చేరతాయి.

వడకట్టిన సూప్ మళ్ళీ స్టీలు గిన్నెలోకి తీసుకుని సన్న సెగ మీద వేడిచేసి, మిగిలిన నీళ్ళతో మీకు కావలసిన చిక్కదనానికి తెచ్చుకోండి. గరిటె ముంచి తీసి వెనకవైపు వేలితో గీత గీయండి. గీత కలిసిపోకుండా నిలిస్తే సరిపోయినట్టే. చల్లారాక ఇంకాస్త చిక్కబడుతుంది, అది మనసులో పెట్టుకోండి. ఎప్పుడైనా గుమ్మడి నీరుకాయ అయి గుజ్జు చాలకపోతే కార్న్ ఫ్లోర్ జోలికి వెళ్ళొద్దు. చల్లారాక అది బంకలా సాగుతుంది, రుచిని కప్పేస్తుంది. ఉడికిన బంగాళాదుంప మిక్సీలో తిప్పినా జిగటగా తయారవుతుంది. దానికి బదులు రెండు చెంచాల మెత్తటి అన్నం వేసి తిప్పండి. చిక్కదనం వస్తుంది, ఏం వేశామో ఎవరికీ తెలియదు, పెద్దాయనకు కాస్త కడుపూ నిండుతుంది.

ఇప్పుడు విరగడం గురించి. నేనూ ఒక డిసెంబరులో అరవై మందికి పుట్టినరోజు ఆర్డరు ఒప్పుకుని, ఇరవై లీటర్ల సూప్‌లో ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు పోశాను. సూప్ కుతకుతా ఉడుకుతోంది. రెండు నిమిషాల్లో అంతా పన్నీరు తునకలయింది. వాళ్ళ ఇంటికి వెళ్ళి సూప్ లేదని చెప్పి, డబ్బు వెనక్కి ఇచ్చి వచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత కూర్చుని ఒక్కొక్కటీ మార్చి చూస్తే కారణాలు తెలిశాయి.

పాలల్లోని ప్రొటీన్ పులుపు తగిలితే ముద్దకడుతుంది. పులుపును కొలిచే అంకెను పీహెచ్ అంటారు, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని అర్థం. పీహెచ్ 4.6 దగ్గరకు వస్తే వేడి చేయని పాలు కూడా గడ్డకడతాయి. టమాటా పులుపు ఇంచుమించు ఆ చుట్టుపక్కలే, 4.3 నుంచి 4.9 మధ్య ఉంటుంది. గుమ్మడికాయ కలిశాక పులుపు కాస్త తగ్గుతుంది. అయితే వేడి ఎక్కువైనకొద్దీ పాలు ఇంకా తక్కువ పులుపుకే విరుగుతాయి. ఇక కొవ్వు తక్కువ ఉన్న పాలకు రక్షణ కూడా తక్కువ. మామూలు టోన్డ్ పాలల్లో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీమ్ పాలల్లో 6 శాతం. డబ్బాల్లో అమ్మే ఫ్రెష్ క్రీమ్‌లో సాధారణంగా 25 శాతం ఉంటుంది. మీరు మరుగుతున్న సూప్‌లో చల్లటి పాలు పోశారు. పులుపు, వేడి, తక్కువ కొవ్వు మూడూ ఒకేసారి కలిశాయి.

కాబట్టి ఈ సూప్‌లో పాలు అసలు వద్దు. ఫ్రెష్ క్రీమ్ నలుగురికి మూడు పెద్ద చెంచాలు చాలు. అరగంట ముందే బయట పెట్టి చల్లదనం పోనివ్వండి. స్టవ్ ఆపేసి, ఉడుకు సద్దుమణిగాక ఒక చిన్న గిన్నెలో క్రీమ్ తీసుకుని, దాంట్లోకి ఒక గరిటెడు సూప్ పోసి కలపండి. మళ్ళీ ఇంకో గరిటెడు. క్రీమ్ సూప్ వేడికి అలవాటు పడ్డాక దాన్ని తీసుకెళ్ళి పెద్ద గిన్నెలో కలపండి. అక్కడి నుంచి మళ్ళీ మరగబెట్టొద్దు. ఇంట్లో పాల మీద తీసిన మీగడ కూడా వాడొచ్చు. కానీ ఆ రోజు తీసినదే అయి ఉండాలి. నాలుగు రోజులుగా డబ్బాలో పోగేసిన మీగడ వద్దు, ఫ్రిజ్‌లో ఉన్నా లోలోపల పులిసి ఉంటుంది, వెంటనే విరుగుతుంది. టమాటాలు మరీ పుల్లగా ఉన్న రోజున క్రీమ్ కలిపే ముందు సూప్‌లో చిటికెలో సగం వంటసోడా వేస్తే బుసబుసా పొంగి పులుపు కొంత విరుగుతుంది. అంతకు మించి వేస్తే సబ్బు రుచి వస్తుంది.

క్రీమ్ ఇష్టం లేనివారు జీడిపప్పును ఇరవైకి పెంచుకుంటే చాలు. దాంట్లో పాల ప్రొటీన్ లేదు కాబట్టి పాలలా విరిగి తునకలవదు. కొబ్బరిపాలు కూడా కొందరు పోస్తారు. బాగానే ఉంటుంది గానీ టమాటా వెనక్కిపోయి అది వేరే వంటకం అయిపోతుంది.

మిరియాల పొడి ఆఖర్న, తాజాగా దంచి వేయండి. పాడేరు, చింతపల్లి కాఫీ తోటల్లో నీడ చెట్లకు అల్లించి పెంచే మిరియాలు మన ఊళ్ళో దొరుకుతాయి, ఘాటు బాగుంటుంది. అయితే అది మిగతావాళ్ళ గిన్నెల్లో. మామగారికి ఇంకో వారం పది రోజులు మిరియం వద్దు, మంట పుడుతుంది. ఆయన వాటాకు టమాటా కూడా తగ్గించండి. పులుపు పచ్చి చిగుళ్ళకు తగిలితే చురుక్కుమంటుంది. నేనైతే గుమ్మడి గుజ్జు, టమాటా గుజ్జు విడివిడిగా తిప్పి పెట్టుకుని, ఆయన గిన్నెలో నాలుగు వంతుల గుమ్మడికి ఒక వంతు టమాటా కలుపుతాను. తీపి ఎక్కువనిపిస్తే పులుపుతో కాకుండా వేయించి పొడి చేసిన అర టీ స్పూను జీలకర్రతో, ఇంకాస్త ఉప్పుతో సరిచేయండి. బీపీ ఉంటే ఉప్పు కూడా చూసుకుని వేయాలి, అప్పుడు జీలకర్రే దిక్కు. గోరువెచ్చగా ఇవ్వండి, చెంచాతోనే తాగమనండి, స్ట్రా వద్దు. పీల్చేటప్పుడు మానుతున్న చోట లాగినట్టవుతుంది. ఆయనకు కిడ్నీ సమస్య ఏమైనా ఉంటే ఈ సూప్ మొదలుపెట్టే ముందు డాక్టరును అడగండి. గుమ్మడికాయ, టమాటా రెండింట్లోనూ పొటాషియం ఎక్కువే.

వెన్న, క్రీమ్ పూర్తిగా మానేయాలని మాత్రం అనుకోకండి. గుమ్మడికి ఆ నారింజ రంగునిచ్చే కెరోటిన్, టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ కొవ్వుతో కలిస్తేనే ఒంటికి బాగా పడతాయి. నమలలేక తిండి తగ్గిన మనిషికి ఆ నాలుగు చెంచాల కొవ్వు బలమే.

ఒకేసారి రెండు రోజులకు చేసుకోవాలంటే క్రీమ్ కలపకముందే సగం తీసి పక్కన పెట్టండి. మన ఊరి ఉక్కకు వంటింట్లో రెండు గంటలకు మించి ఉంచొద్దు, ఎండాకాలం అయితే గంటే. వెడల్పు గిన్నెలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగుంటుంది. తాగేటప్పుడు ఒక్కరికి సరిపడా తీసి బాగా మరిగించి, దించాక క్రీమ్ కలుపుకోండి. మొత్తం గిన్నె వేడి చేసి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టడం మంచిది కాదు.

నిన్న విరిగిన సూప్ ఫ్రిజ్‌లోనే ఉందని రాశారు. రాత్రే లోపల పెట్టారు కాబట్టి పారబోయకండి. విరిగింది అంటే పన్నీరు తునకలు ఏర్పడ్డాయి అంతే, పాడైపోలేదు. పది జీడిపప్పులు వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, రెండు చెంచాల అన్నంతో కలిపి మిక్సీలో మెత్తగా తిప్పండి. అదే జారులోకి చల్లటి సూప్ కొంచెం కొంచెంగా పోస్తూ రెండు నిమిషాలు తిప్పి, వడకట్టి, కలుపుతూ ఒక పొంగు వచ్చేదాకా వేడిచేయండి. జల్లెడలో కొన్ని తునకలు మిగులుతాయి, మిగతాది నున్నగా దిగుతుంది. మళ్ళీ పాలు, క్రీమ్ ఏదీ కలపకండి. దాంట్లో టమాటా పాళ్ళు ఎక్కువ కాబట్టి మామగారికి పెట్టొద్దు, మీరూ మీవారూ ఈ రాత్రికే తాగేయండి. రేపు ఉదయం ఆయనకోసం కొత్త బద్ద తెచ్చుకోండి.